పోయిందనుకున్న నల్లి



"మందు కొట్టించామండీ, పదిహేను రోజులు హాయిగా పడుకున్నాం, మళ్లీ మొదలు." మా రామచంద్రపురంలో నల్లుల సంగతి ఎవరి దగ్గర ఎత్తినా చివరికి ఈ మాటే వినపడుతుంది. అదీ గొంతు తగ్గించి, వీధి గుమ్మం వైపు ఓసారి చూసి చెప్పే మాట. ఆ పదిహేను రోజుల లెక్క ఊరికే వచ్చింది కాదు. దాని వెనక నల్లి పుట్టుక ఉంది. ముందు అది చెప్పుకుందాం.

ఆడనల్లి రోజుకు ఒకటి నుంచి ఐదు దాకా గుడ్లు పెడుతుంది. బతికినన్నాళ్లలో రెండు వందలు దాటొచ్చు. గుడ్డు మిల్లీమీటరు పొడవు, ముత్యపు తెలుపు. చెక్క సందులో జిగురుతో అంటుకుపోయి ఉంటుంది కాబట్టి దులిపితే రాలదు, తడిగుడ్డతో తుడిస్తే రాదు. మన గోదావరి జిల్లాల వేడికి వారం, పది రోజుల్లో పిల్ల బయటికొస్తుంది. మనం కొట్టించే మందుల్లో చాలావాటికి నడిచే నల్లిని చంపే శక్తి ఉంటుంది గానీ గుడ్డు లోపలికి చొరబడే శక్తి ఉండదు. మందు కొట్టిన రోజున చచ్చినవి చచ్చాయి, గుడ్లు మిగిలాయి. పదో రోజుకు పిల్లలు లేచాయి. పిల్లనల్లి రక్తం తాగకముందు దాదాపు రంగే లేకుండా ఉంటుంది, తెల్ల దుప్పటి మీద పాకుతున్నా కంటికి ఆనదు. అది పెద్దదవ్వాలంటే ఐదుసార్లు కుబుసం విడవాలి. విడిచే ప్రతిసారీ ముందు మన రక్తం తాగాలి. ఐదారు వారాల్లో కందిపప్పు బద్దంత అయి, తనూ గుడ్లకు దిగుతుంది.

కాబట్టి పదిహేను రోజుల తర్వాత కుట్టినవి ఎక్కడి నుంచో మళ్లీ వచ్చినవి కావు. మీ మంచంలోనే పుట్టినవి. ఇంట్లో నల్లి పోయి రాలేదు, అసలు పోలేదు. ఇది తెలియక ఎంతమంది మందును తిట్టుకున్నారో, ఎంతమంది ఇంటి ఆడవాళ్ల శుభ్రాన్ని తప్పుపట్టారో! నల్లికి మురికితో పని లేదు. అది మన అన్నం మెతుకులు తినదు, చెత్తలో బతకదు. దానికి కావలసింది నిద్రపోతున్న మనిషి, ఆ మనిషికి దగ్గరలో ఒక సందు. అద్దంలా తుడిచిన గదిలోనూ ఆ రెండూ ఉంటాయి.

ఇంకో సంగతి. ఒకే పక్క మీద పడుకున్న ఇద్దరిలో ఒకరికి ఒళ్లంతా దద్దుర్లు లేస్తాయి, రెండోవాళ్లకు మచ్చైనా ఉండదు. నల్లి ఇద్దర్నీ కుడుతుంది. ఒకరి ఒంటికి అది పడదు, ఇంకొకరి ఒళ్లు పట్టించుకోదు, అంతే. "నిన్నొక్కదాన్నే ఎందుకు కుడతాయి, అవి దోమలై ఉంటాయి" అని కొట్టిపారేసిన ఇళ్లలో నల్లి నెలల తరబడి ఎవరి కంటా పడకుండా పెరుగుతుంది. ఇంట్లో ఒకరు కుడుతున్నాయంటే నమ్మండి. నమ్మి, లైటు వేసి చూడండి.

నల్లి జబ్బులు తెస్తుందా అని చాలామంది అడుగుతారు. ఇది పాత అనుమానమే. 1907 ప్రాంతంలో మన మద్రాసులో ప్యాటన్ అనే వైద్యాధికారి, కాలా అజార్ జ్వరాన్ని మోసేది నల్లే అయి ఉంటుందని పరిశోధనలు చేశాడు. ఆ అనుమానం చాలా ఏళ్లు నడిచింది. చివరికి 1942లో మన దేశంలోనే జరిగిన పరిశోధన, ఆ జ్వరాన్ని మోసేది ఇసుక ఈగ అని తేల్చింది. నల్లి వల్ల మనుషులకు ఫలానా రోగం అంటుతుందని ఇప్పటిదాకా రుజువు కాలేదు. అలాగని చిన్న బాధ కాదది. గోకి గోకి పుండ్లు పడతాయి, వాటికి చీము పడుతుంది. నల్లులు మరీ ముదిరిన ఇంట్లో పసిపిల్లలకు, ముసలివాళ్లకు రక్తం తగ్గిన దాఖలాలున్నాయి. వీటన్నిటికంటే నిద్ర. తెల్లవార్లూ మెలకువగా ఉండి పొద్దున్నే పిల్లల బాక్సులు కట్టి, తను కొట్టుకో బడికో వెళ్లే మనిషి మనసు ఎలా ఉంటుందో అనుభవించిన వాళ్లకు తెలుసు. కొందరికి నల్లులు పోయిన తర్వాత కూడా ఒంటి మీద ఏదో పాకుతున్నట్టే ఉంటుంది.

పూర్వం నల్లి ఉందని చెప్పుకోవడానికి ఎవరూ సిగ్గుపడలేదు. నల్లి బాధ పడలేకే దేవుళ్లు కొండలూ సముద్రాలూ పట్టారని చాటుపద్యం చెప్పుకున్న వాళ్లం మనం. మండువా లోగిట్లో, ఎండాకాలం ఒక రోజు చూసి, ఇంట్లో ఉన్న నులక మంచాలన్నీ ఒకేసారి వీధిలోకి తెచ్చేవారు. కోళ్లు నేలకేసి కొట్టేవారు. కాగులో సలసలా మరిగిన నీళ్లు పట్టెలూ కోళ్లూ కలిసే చోట పోసేవారు. నులక సడలి ఉంటే విప్పి, వేడినీళ్లలో ముంచి, ఎండాక మళ్లీ అల్లేవారు. పక్కింటివాళ్లు చూసి తమ మంచాలూ తెచ్చేవారు. బట్టలు చాకిరేవులో ఉబ్బ వేసేవారు, ఆ ఆవిరికి నల్లీ మిగిలేది కాదు, గుడ్డూ మిగిలేది కాదు. ఈ పనిలో ఉన్న శాస్త్రాన్ని ఈ మధ్య పరిశోధకులు డిగ్రీల్లో కొలిచారు. దాదాపు 50 డిగ్రీల వేడి తగిలితే పెద్ద నల్లి నిమిషాల్లో చస్తుంది. గుడ్డు మొండిది, 48 డిగ్రీల దగ్గర గంటకు పైగా ఓర్చుకుంటుంది, 55 డిగ్రీల దగ్గర వెంటనే పోతుంది. మరిగే నీళ్లు ఈ లెక్కలన్నిటికీ మించినవి.

ఇప్పుడు నులక మంచం లేదు. ప్లైవుడ్ దివాను వచ్చింది. పైన పరుపు, కింద పాత చీరలు, దుప్పట్లు దాచుకునే పెట్టె. ప్రతి మూలా ఒక సందు, ప్రతి మేకు కన్నమూ ఒక గూడు. మరిగే నీళ్లు పోస్తే ప్లైవుడ్ ఉబ్బిపోతుంది. ఎత్తి వీధిలో వేద్దామంటే నలుగురు మనుషులు కావాలి, అందరూ చూస్తారు. చూస్తారనే మానేస్తాం. రోహిణీ కార్తెలో పరుపు మేడ మీద ఎండేస్తే చాలనుకుంటాం. పైగుడ్డ చెయ్యి పెట్టలేనంత కాలుతుంది, నిజమే. ఆ వేడి దళసరి పరుపు లోపలికి దిగదు. నల్లులు నెమ్మదిగా నీడ ఉన్న అడుగు వైపుకు జరుగుతాయి. సాయంత్రం పరుపుతోపాటు గదిలోకి వచ్చేస్తాయి.

మందుల కథ కూడా కొంచెం చెప్పాలి. డీడీటీ పురుగుల్ని చంపుతుందని 1939లో స్విట్జర్లాండులో పాల్ ముల్లర్ కనిపెట్టాడు, 1948లో నోబెల్ బహుమతి అందుకున్నాడు. ఆ బహుమతికి ఏడాది ముందే, 1947లో, హవాయి దీవుల్లోని పెర్ల్ హార్బర్‌లో డీడీటీకి చావని నల్లులు కనిపించాయి. మన దేశంలో 1953లో జాతీయ మలేరియా నియంత్రణ కార్యక్రమం మొదలై, మలేరియావాళ్లు ఇంటింటికీ వచ్చి గోడలకు డీడీటీ కొట్టారు. మొదట్లో దోమతోపాటు నల్లీ చచ్చింది, జనం సంతోషించారు. కొన్నేళ్లకు నల్లి చావడం మానేసింది. పైగా ఆ మందు చురుక్కు సందుల్లోంచి బయటపడి, ఇల్లంతా తిరగడం మొదలుపెట్టింది. "మీరు కొట్టాకే నల్లులు ఎక్కువయ్యాయి" అని జనం మలేరియావాళ్లను లోపలికి రానివ్వని చోట్లూ ఉన్నాయి. ఇప్పుడు కొట్లో దొరికే స్ప్రే డబ్బాల్లో ఉండేవి చాలావరకు పైరెత్రాయిడ్ జాతి మందులు. ఇవి కూడా నరాల మీద డీడీటీ పట్టుకున్న చోటే పట్టుకుంటాయి. డీడీటీని తట్టుకున్న నల్లి సంతానానికి ఇవి లెక్క ఉండవు. ప్రపంచమంతటా 1990ల చివరి నుంచి నల్లి మళ్లీ లేవడానికి ఇది పెద్ద కారణం. 2023లో పారిస్ నగరమంతా నల్లుల గోల పెట్టింది, ఆ ఏడాదే దక్షిణ కొరియా ప్రభుత్వం దేశవ్యాప్తంగా తనిఖీలు చేయించింది. రామచంద్రపురంలో ఇల్లాలు స్ప్రే డబ్బా ఖాళీ చేసి, పొద్దున్నే మళ్లీ నల్లిని చూసి తన చేతకానితనం అనుకుంటే ఆమెకు అన్యాయం చేసినట్టే.

ఇక్కడ నేను అన్నిటికంటే భయపడే విషయం చెప్తాను, దయచేసి శ్రద్ధగా వినండి. మనది వరి సీమ. చేలో కొట్టే మందు సగం వాడిన సీసా చాలా ఇళ్లలో వసారాలో ఉంటుంది. నల్లుల మీద విసుగెత్తి దాన్నే నీళ్లలో కలిపి పరుపుకు కొట్టినవాళ్లు ఉన్నారు. పంటకు పనికొచ్చే మందు, ఎనిమిది గంటలు ముఖం ఆనించి పడుకునే దిండుకు పనికిరాదు. ఏ సీసా మీదైనా ఒక పక్కన తిప్పిపెట్టిన చతురస్రం, దాని కింది సగంలో ఒక రంగు ఉంటుంది. ఎరుపు అన్నిటికంటే ప్రమాదం, ఆ తర్వాత పసుపు, తర్వాత నీలం, చివర ఆకుపచ్చ. ఎరుపు గానీ పసుపు గానీ ఉన్న సీసా పడకగది గుమ్మం దాటకూడదు. పాతరోజుల్లో నల్లులకు బాగా వాడిన డైక్లోర్వాస్ అనే మందును మన ప్రభుత్వం 2020 డిసెంబరు 31 నుంచి పూర్తిగా నిషేధించింది. ఎక్కడైనా పాత సీసా మిగిలి ఉంటే వాడకండి.

దీనికంటే ఘోరం, బియ్యం మిల్లుల్లో, ధాన్యం గోదాముల్లో బస్తాల మీద టార్పాలిన్ కప్పి లోపల పెట్టే అల్యూమినియం ఫాస్ఫైడ్ మాత్రలను నల్లుల కోసం ఇంట్లో పెట్టడం. గాలిలో తేమ తగిలితే చాలు, వాటిలోంచి ఫాస్ఫీన్ అనే విషవాయువు వస్తుంది. మన డెల్టాలో తేమకు కరువా? ఆ వాయువు తలుపు సందుల్లోంచి, కరెంటు పైపుల్లోంచి పక్కగదిలోకి, పక్కవాటాలోకి పోతుంది. దానికి విరుగుడు మందు లేదు. ఆ మాత్రలు మామూలు జనానికి అమ్మకూడదని చట్టం ఉంది. మిల్లులో పనిచేసే బంధువు ప్రేమ కొద్దీ రెండు మాత్రలు పొట్లం కట్టి తెచ్చిస్తే, దణ్ణం పెట్టి తిరిగి ఇచ్చేయండి. ఇంట్లో ఎవరైనా అలాంటివి పెట్టారని తెలిసి, తలనొప్పీ వాంతులూ ఊపిరాడకపోవడమూ మొదలైతే, అందరూ ఉన్నపళంగా బయటికొచ్చి నేరుగా ఆసుపత్రికి వెళ్లండి. ఎలుకల మీద కోపంతో ఇంటికి నిప్పు పెట్టుకోకూడదు.

మరి చేయవలసిందేమిటి?

మొదట ఉన్నచోటే పడుకోండి. ఇది వినడానికి కష్టంగా ఉంటుంది, కానీ గది మారితే నల్లి మన ఊపిరినీ ఒంటి వేడినీ వెతుక్కుంటూ ఆ గదికీ వస్తుంది. దుప్పటితోపాటు మనమే మోసుకెళ్తాం కూడా. ఇల్లు తాళం పెట్టి నెల్లాళ్లు ఊరెళ్తే చచ్చిపోతాయనుకోవడమూ పొరపాటే. తిండి లేకుండా వారాలు, ఒక్కోసారి నెలలు ఓపిక పట్టగలదు నల్లి.

పగలు, తీరికగా, మంచం పూర్తిగా విప్పించండి. వడ్రంగిని పిలిచినా సరే. చేతిలో మంచి టార్చిలైటు, పాత ఏటీఎం కార్డో మందపాటి పెళ్లి శుభలేఖో ఉంచుకోండి. నేను మా మంచం విప్పినప్పుడు చూసింది చెప్తాను. తలవైపు చెక్కకు వెనక, గోడకు ఆనుకునే భాగంలో, చిన్న మేకు కన్నం చుట్టూ సిరా చుక్కలు చల్లినట్టు నల్లటి మచ్చలు. అవి నల్లి విసర్జన, జీర్ణమైన మన రక్తం. కార్డు అంచును సందులోకి దూర్చి లాగితే ముందు ఖాళీ కుబుసాలు వచ్చాయి, తేనెరంగులో, ఊదితే ఎగిరేంత తేలికగా. వాటి వెనక రెండు బతికున్నవి, వెలుతురుకు పక్కకు జరిగాయి. మేకు తీశాక లోపల గుడ్లు, వరసగా, ఒకదాన్ని ఆనుకుని ఒకటి. పరుపు మీద ఎక్కడా ఏమీ లేదు! మేం అప్పటిదాకా మందు కొట్టించింది పరుపుకే.

అందుకే చూసే వరస గుర్తుపెట్టుకోండి: తలవైపు చెక్క, మంచం కోళ్లూ పట్టెలూ కలిసేచోటు, పరుపు అంచు కుట్లు, దోమతెర మడతలు, దిండు గలీబు మూలలు, గోడకున్న దేవుడి పటాలూ క్యాలెండరూ వెనక, స్విచ్చిబోర్డు చుట్టూ పగులు, గుమ్మం చట్రం, ప్లాస్టిక్ కుర్చీ అడుగున ఉండే గాళ్లు. దొరికినవాటిని సబ్బునీళ్ల గిన్నెలో రాల్చండి.

బట్టలు, దుప్పట్లు, గలీబులు మూట కట్టి, నేల మీద ఈడవకుండా తీసుకెళ్లి, 60 డిగ్రీలు దాటిన వేడినీళ్లలో నానబెట్టి ఉతకండి. వాషింగ్ మెషీన్‌లో వేడినీళ్ల మీట ఉంటే అదే వాడండి. ఉతకడానికి వీల్లేని పట్టుచీరలకు తగినంత వేడితో ఇస్త్రీ చాలు, అంచులూ మడతలూ వదలకుండా. చెక్కకు, పరుపు కుట్లకు ఆవిరి పట్టించాలి. బట్టలకు ఆవిరి పట్టే చిన్న యంత్రాలు ఇప్పుడు చాలా ఇళ్లలో ఉన్నాయి. వాటి మూతి సందుకు ఆనించి, తొందరపడకుండా, చాలా నెమ్మదిగా జరపండి. గబగబా పోనిస్తే లోపలికి వేడి చేరదు. స్విచ్చిబోర్డుల దగ్గర మాత్రం ఆవిరీ వద్దు, నీళ్లూ వద్దు. సందులన్నీ శుభ్రమయ్యాక చెక్కకు లప్పం పెట్టించి, గోడ పగుళ్లకు సిమెంటు పూయించండి. గూడు లేకుండా చేస్తే మందు కంటే ఎక్కువ పని జరిగినట్టు.

మంచాన్ని గోడకు జానెడు దూరంగా జరపండి. దుప్పటి నేలకు తగలకూడదు. కోళ్ల కింద నీళ్ల గిన్నెలు పెట్టే పాత అలవాటు మంచిదే, అందులో కాస్త సబ్బు కలపండి. మన ఉష్ణదేశపు నల్లి కాళ్లకు పట్టు ఎక్కువ, చలిదేశాల నల్లి జారిపోయే నున్నటి అంచులు కూడా ఇది ఎక్కగలదు. కాబట్టి గిన్నె ఒక్కటే కాపాడుతుందని ధీమా పడొద్దు. కలరా ఉండలు, వేపాకు, సాంబ్రాణి పొగ, వీధిలో కొట్టే దోమల పొగ, ఇవేవీ సందులో ఉన్న నల్లిని ఏమీ చేయలేవు. బొద్దింకలకు పెట్టే బోరిక్ పొడి కూడా అంతే. నల్లి దాన్ని తినదు కదా.

మందు కొట్టించాలనుకుంటే లైసెన్సు ఉన్నవాళ్లను పిలవండి. రాకముందే ఒక్క మాట అడగండి: "రెండోసారి ఎప్పుడొస్తారు?" మా ఇంటికి మొదట వచ్చినతను ఒక్కసారికే ఏడాది గ్యారంటీ అన్నాడు, ఆ తర్వాత ఫోను ఎత్తలేదు. గుడ్డు లెక్క తెలిసినవాడు పది నుంచి పద్నాలుగు రోజుల్లో రెండోసారి, అవసరమైతే మళ్లీ పద్నాలుగు రోజులకు మూడోసారి వస్తానంటాడు. ఆ తేదీలు క్యాలెండరు మీద రాసి ఉంచండి. మధ్యలో ఒక్కటీ కుట్టకపోయినా రెండో విడత మానొద్దు. చాలామంది దెబ్బతినేది ఇక్కడే, కుట్టడం ఆగింది కదా అని. గుడ్లతో ఉన్న ఒక్క ఆడనల్లి తప్పించుకున్నా చాలు, దాని పిల్లలు తమలో తామే జతకట్టి ఇల్లు నింపగలవు. వరసగా రెండు నెలలు కొత్త మచ్చ గానీ, కుబుసం గానీ, దద్దురు గానీ లేకపోతే అప్పుడు నమ్మండి.

ఇంత చేసినా ఒక గోడ అవతల మిగిలి ఉంటే మళ్లీ వస్తాయి. వాటాల ఇళ్లలో, వరస కొంపల్లో, అపార్టుమెంట్లలో కరెంటు పైపులు ఒక ఇంటి నుంచి ఇంకో ఇంటికి దారి. మీ ఇంట్లో మందు కొట్టించే రోజు పక్కింటావిడకు చెప్పండి. "మా ఇంట్లో నల్లులున్నాయి వదినా, మీరూ ఓసారి మంచం చూసుకోండి" అనడానికి నోరు రావడం కష్టమే. నాకూ వెంటనే రాలేదు. చెప్పాక ఆవిడ ఒక్క క్షణం ఆగి, "మా ఇంట్లోనూ ఉన్నాయి, మీరేమనుకుంటారోనని చెప్పలేదు" అంది. రెండిళ్లకూ ఒకే రోజు కొట్టించాం. అద్దెకున్నవాళ్లు చెబితే ఇంటివాళ్లు ఖాళీ చేయమనకూడదు. అలా అంటే తర్వాత వచ్చే అద్దెవాళ్లు చెప్పడం మానేస్తారు, నల్లి ఇంటివాళ్ల వాటాకూ చేరుతుంది.

పక్కగోడ దాటి వచ్చేది తప్ప, నల్లి వీధిలోంచి మన గుమ్మంలోకి నడిచి రాదు, మోసుకొస్తేనే వస్తుంది. పెళ్లిళ్లకు సప్లై కంపెనీ నుంచి అద్దెకు తెచ్చే పరుపులూ దిండ్లూ ఎన్ని ఇళ్లు తిరిగి వస్తాయో ఆలోచించండి. వాటిని దించేటప్పుడే వీధిలో, వెలుతురులో కుట్లు చూడండి. మచ్చలుంటే వెనక్కి పంపండి. సంక్రాంతికి హాస్టలు నుంచి వచ్చే పిల్లల ట్రంకుపెట్టె, కువైట్ నుంచో మస్కట్ నుంచో వచ్చే అక్కచెల్లెళ్ల సంచులు, వీటిని నేరుగా మంచం మీద పెట్టకండి. అక్కడ ఒకే గదిలో మంచం మీద మంచం వేసుకుని ఎంతమంది సర్దుకుంటారో వాళ్లనడిగితే చెప్తారు. వాళ్లను చిన్నబుచ్చకుండా, సంచి వరండాలోనే విప్పి, బట్టలు నేరుగా వేడినీళ్లలో వేస్తే సరిపోతుంది. అమెరికా చదువులకు వెళ్లే పిల్లలకూ ఒక మాట చెప్పి పంపండి: వీధి పక్కన ఎవరో వదిలేసిన పరుపు ఎంత కొత్తగా కనిపించినా గదిలోకి తెచ్చుకోవద్దని.

2027లో గోదావరి పుష్కరాలొస్తున్నాయి. కోటిపల్లి రేవుకు స్నానానికి వెళ్లే బంధువులు ద్రాక్షారామం భీమేశ్వరుణ్ణి చూసుకుని మన ఇళ్లలోనే దిగుతారు. అటకల మీది పరుపులూ, బొంతలూ, మడతమంచాలూ అన్నీ కిందకి దిగుతాయి. వాళ్లు రావడానికి మూడు నెలల ముందే వాటిని దించి, విప్పి, చూసుకోండి. ఆ మూడు నెలల్లో రెండు విడతలు మందు కొట్టించి, రెండు నెలలు గమనించుకోవడానికి వ్యవధి ఉంటుంది. ఏదైనా కనిపిస్తే ఆ వారమే ఇరుగుపొరుగుకూ చెప్పండి.